కులపతి చూపిన బాట
బడిని నడిపించేవారికి రఘుపతి వెంకటరత్నం నాయుడు జీవితం చెప్పే పాఠాలు

కాకినాడ: పాఠశాలకు మంచి భవనం ఉండవచ్చు, తగినంతమంది ఉపాధ్యాయులూ ఉండవచ్చు. అయినా దానికి పేరు తెచ్చేది, పేరు పోగొట్టేది ప్రధానోపాధ్యాయుడేనన్నది ఊళ్లలో అందరికీ అనుభవమే. ‘ఫలానా మాస్టారు ఉన్నప్పుడు ఆ బడి ఎలా ఉండేదో’ అని పెద్దలు చెప్పుకోవడం ఏ మండలంలోనైనా వినిపిస్తుంది. ఒక విద్యాసంస్థకు సారథ్యం వహించడమంటే ఏమిటో తన జీవితంతో చూపిన వ్యక్తి కాకినాడలోనే ఉండేవారు. ఆయనే పిఠాపురం రాజావారి కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడు. ప్రజలు ఆయనను ‘కులపతి’ అనీ, ‘బ్రహ్మర్షి’ అనీ గౌరవంగా పిలుచుకున్నారు. ఆయన కన్నుమూసి ఎనిమిది దశాబ్దాలు దాటింది. అయినా బడిలో ఎవరికి చోటు ఉండాలి, బడి పెద్ద దేనికి బాధ్యుడు అనే విషయాల్లో ఆయన తీసుకున్న నిర్ణయాలు నేటి ప్రధానోపాధ్యాయులకు కూడా ఉపయోగపడేవే.

బందరు నుంచి మద్రాసు వరకు
వెంకటరత్నం నాయుడు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్య నాయుడు సైన్యంలో సుబేదారు. ఆయన ఉద్యోగరీత్యా కుటుంబం ఉత్తరాదిన కొంతకాలం గడపడంతో వెంకటరత్నానికి చిన్ననాటనే హిందీ, ఉర్దూ, పారశీక భాషలు పట్టుబడ్డాయి. తర్వాత హైదరాబాద్‌లో పాఠశాల చదువు సాగింది. ఉన్నత విద్య కోసం మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు.

ఆ కళాశాలకు అప్పట్లో విలియం మిల్లర్ ప్రిన్సిపాల్. స్కాట్లాండ్ నుంచి 1862లో మద్రాసు వచ్చిన మిల్లర్ దక్షిణాది విద్యారంగంపై చెరగని ముద్ర వేశారు. తరగతి గదిలో పాఠం చెప్పడంతో అధ్యాపకుని పని ముగిసిపోదనీ, విద్యార్థి నడవడిక, అతని నివాసం, సహవాసం కూడా కళాశాల పట్టించుకోవలసిన విషయాలేననీ ఆయన నమ్మకం. శిష్యుడైన వెంకటరత్నంపై ఈ భావాల ప్రభావం గాఢంగా పడింది. మద్రాసులోనే ఆయన బ్రహ్మసమాజం వైపు ఆకర్షితులయ్యారు. దేవుడు ఒక్కడే, మనుషులంతా సమానులే అనే ఆ సమాజ సిద్ధాంతమే తర్వాత ఆయన విద్యాసంస్థలను నడిపిన తీరుకు పునాది అయింది.

బోధకుడి నుంచి సారథిగా
చదువు పూర్తయిన తర్వాత వెంకటరత్నం బోధననే వృత్తిగా ఎంచుకున్నారు. మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో కొంతకాలం పనిచేశారు. అనంతరం స్వస్థలమైన మచిలీపట్నంలోని నోబుల్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాలే క్రమంగా ఈ కళాశాలగా ఎదిగింది. కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు, కాంగ్రెస్ నాయకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆ రోజుల్లో ఆయన ప్రభావంలో పెరిగిన విద్యార్థులు. కోపల్లె హనుమంతరావుతో కలిసి వీరే 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పడం విశేషం. గురువు రాజకీయాందోళనలకు దూరంగా ఉన్నారు, శిష్యులు జాతీయోద్యమంలోకి వెళ్లారు. దారులు వేరైనా గురువు పట్ల శిష్యుల గౌరవం మాత్రం తగ్గలేదు.

1899లో ఆయన సికింద్రాబాద్‌లోని మహబూబ్ కళాశాల ప్రిన్సిపాల్ బాధ్యతలు స్వీకరించారు. పేరుకు కళాశాల అయినా అది ప్రధానంగా పాఠశాలే. ఒక సంస్థ మొత్తానికి పెద్దగా వ్యవహరించే అనుభవం ఆయనకు అక్కడే లభించింది. సుమారు ఐదేళ్ల తర్వాత కాకినాడకు వచ్చి పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1884లో కళాశాల స్థాయి పొందిన ఆ సంస్థకు ఆయన దాదాపు పదిహేనేళ్లు సారథ్యం వహించి 1919లో వైదొలిగారు. ఆయన పేరు వినగానే కాకినాడ గుర్తుకు రావడానికి ఈ పదిహేనేళ్లే కారణం.

తర్వాత ఆయనకు మరింత పెద్ద పదవులు లభించాయి. 1924లో ‘సర్’ బిరుదు వచ్చింది. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1939 మే 26న కాకినాడలో కన్నుమూశారు.

తలుపులు ఎవరికి తెరవాలి?
విద్యాసంస్థ అధిపతి తీసుకునే నిర్ణయాల్లో మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రవేశాలకు సంబంధించినది. ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని గడప బయటే ఆపేస్తారు అన్నదానిపైనే ఆ సంస్థ స్వభావం ఆధారపడి ఉంటుంది. ఆడపిల్లల చదువే వివాదాస్పదమైన కాలంలో వెంకటరత్నం కాకినాడ కళాశాలలో అబ్బాయిలతో పాటు అమ్మాయిలకూ ప్రవేశం కల్పించారు. ఆంధ్ర ప్రాంతంలో సహవిద్యకు దారి తీసిన తొలి కళాశాలల్లో అది ఒకటిగా నిలిచింది.

గోదావరి తీరంలో ఈ పనికి అంతకుముందే బీజం పడింది. ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయునిగా ఉన్న కందుకూరి వీరేశలింగం 1874లో అక్కడే బాలికల పాఠశాల స్థాపించారు. వీరేశలింగం ప్రాథమిక స్థాయిలో మొదలుపెట్టిన పనిని వెంకటరత్నం కళాశాల స్థాయికి తీసుకువెళ్లారని చెప్పవచ్చు. ఇద్దరూ విద్యాసంస్థలను నడిపినవారే. సంఘ సంస్కరణ ఉపన్యాస వేదికలకు పరిమితం కారాదనీ, తమ చేతిలో ఉన్న హాజరుపట్టీలోనే అది కనిపించాలనీ ఇద్దరూ ఆచరణలో చూపారు.

అస్పృశ్యులుగా ముద్రపడిన వర్గాల పిల్లల విషయంలోనూ వెంకటరత్నం ఇదే వైఖరి అనుసరించారు. ఆ పిల్లలకు కళాశాల మెట్లు ఎక్కే అవకాశం ఇచ్చినంత మాత్రాన చదువు సాగదు. ఊళ్లో అద్దెకు గది దొరకదు, భోజనం పెట్టే ఇల్లు ఉండదు. ఈ వాస్తవాన్ని గుర్తించి వారికోసం కాకినాడలో వసతి గృహం ఏర్పాటయ్యేలా చూశారు. అనాథ పిల్లలకు శరణాలయం వెలిసింది. ఈ పనులకు పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు అండగా నిలిచారు. మహారాజా స్వయంగా వెంకటరత్నాన్ని గురువుగా భావించినవారు.

కులపతి అంటే అర్థం ఇదీ
‘కులపతి’ అనే మాటకు నేడు విశ్వవిద్యాలయ అధిపతి అనే అర్థమే ఎక్కువగా వాడుకలో ఉంది. అయితే ప్రాచీన సంప్రదాయంలో వేలాది శిష్యులకు చదువు చెప్పడమే కాక అన్నం పెట్టి, ఆశ్రయమిచ్చి పోషించే గురువును కులపతి అనేవారు. చదువు, అన్నం, నీడ ఈ మూడింటికీ బాధ్యత వహించినవారికే ఆ పేరు దక్కేది.

వెంకటరత్నానికి ఆ పేరు స్థిరపడటానికి కారణం ఇదే. ఆయన జీతంలో గణనీయమైన భాగం పేద విద్యార్థులకే ఖర్చయ్యేది. పలువురు నిరుపేద పిల్లలను సొంత బిడ్డల్లా పెంచి చదివించారు. యౌవనంలోనే భార్య మరణించినా మళ్లీ వివాహం చేసుకోలేదు. ఎల్లప్పుడూ తెల్లని దుస్తులే ధరించేవారు. నిరాడంబరత, సత్యనిష్ఠ, మద్యానికి దూరంగా ఉండటం వంటివి ఇతరులకు బోధించేముందు తాను పాటించారు. సంపన్నుల ఇళ్లలో శుభకార్యాలకు భోగం మేళాలు పెట్టే ఆచారాన్ని ఖండించి, సాంఘిక పవిత్రతా ఉద్యమాన్ని నడిపారు.

శిష్యుల్లో భిన్న స్వరాలు
కాకినాడ కళాశాలలో ఆయన ప్రభావానికి లోనైనవారిలో భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి, రచయిత గుడిపాటి వెంకటచలం ఉన్నారు. ఒకరు బ్రహ్మసమాజ భావాలను తన గీతాల్లో నింపుకొన్నారు. మరొకరు ఆ సమాజం గీసిన నైతిక పరిధులను కూడా ప్రశ్నించే దాకా వెళ్లారు. చలం తర్వాత పాఠశాలల తనిఖీ అధికారిగా ఉద్యోగం చేశారు. పిల్లలను కొట్టి, భయపెట్టి పెంచడాన్ని తీవ్రంగా నిరసిస్తూ ‘బిడ్డల శిక్షణ’ గ్రంథం రాశారు.

ఒకే ప్రిన్సిపాల్ చేతికింద ఇంత భిన్నమైన వ్యక్తిత్వాలు వికసించడం గమనార్హం. పిల్లలు తన మాటలనే తిరిగి వల్లించాలని ఆశించే పెద్ద వద్ద ఇది సాధ్యం కాదు. ఆ కాలంలోనే దీనికి విరుద్ధమైన ఉదాహరణ పొరుగునే కనిపిస్తుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన తర్వాత రాజమండ్రి ట్రెయినింగ్ కళాశాల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కఠిన చర్యలకు దిగారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి బహిష్కరించారు. ఆ గాడిచర్లే తర్వాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు నాయకత్వం వహించి తెలుగు నాట చదువు వ్యాప్తికి జీవితం ధారపోశారు. బహిష్కరణ ఉత్తర్వు ఒక్క సంతకంతో వెలువడుతుంది. కానీ దాని పర్యవసానం ఏమిటో కొన్ని సంవత్సరాల తర్వాతే తెలుస్తుంది.

విమర్శలూ ఉన్నాయి
వెంకటరత్నం జీవితాన్ని పూజా భావంతో మాత్రమే చూడటం సరికాదు. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన బిరుదులను ఆయన స్వీకరించారు. స్వాతంత్ర్య పోరాటం ఉద్ధృతమవుతున్న రోజుల్లోనూ రాజకీయ విముక్తికన్నా సాంఘిక సంస్కరణకే ప్రాధాన్యమిచ్చారు. జాతీయవాదుల్లో పలువురికి ఇది నచ్చలేదు. భోగం మేళాల వ్యతిరేకోద్యమం కళావంతుల జీవనోపాధిని, వారు తరతరాలుగా కాపాడుకొచ్చిన నృత్యకళను దెబ్బతీసిందన్న విమర్శ తర్వాతి తరాల నుంచి వచ్చింది. ఆడవారి విద్య కోసం నిలబడిన ఉద్యమమే ఒక వర్గం స్త్రీల బతుకును సరిగా అర్థం చేసుకోలేదన్నది ఈ విమర్శలోని సారాంశం. ఎంత సదుద్దేశంతో తీసుకున్న నిర్ణయమైనా దాని ఫలితం అనుభవించేవారి మాట వినాలన్నది ఇందులోని గుణపాఠం. బడి పెద్దలకూ ఇది వర్తిస్తుంది.

నేటి ప్రధానోపాధ్యాయుని బరువు
వందేళ్ల కిందటి ప్రిన్సిపాల్‌కు, నేటి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయునికి పరిస్థితుల్లో ఎంతో తేడా ఉంది. నాడు సంస్థను పోషించడానికి రాజా ఉన్నారు. నేడు ప్రధానోపాధ్యాయుడు ప్రభుత్వ యంత్రాంగంలో ఒక అధికారి. సిబ్బంది జీతాల బిల్లులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, పాఠ్యపుస్తకాల పంపిణీ, పరీక్షల నిర్వహణ, ఆన్‌లైన్‌లో వివరాల నమోదు, పై కార్యాలయాలకు నివేదికలు అన్నీ ఆయన చూసుకోవలసినవే. బోధనలో సీనియారిటీ ఆధారంగా పదోన్నతి పొంది ఈ కుర్చీలోకి వచ్చేవారే ఎక్కువ. మంచి గణితం మాస్టారు ఒక్క రోజులో మంచి పాలకుడు కావాలని వ్యవస్థ ఆశిస్తోంది.

ఈ లోటు గుర్తించే 2012లో జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన విశ్వవిద్యాలయంలో పాఠశాల నాయకత్వానికి ప్రత్యేక జాతీయ కేంద్రం ఏర్పాటైంది. 2019లో కేంద్రం ప్రారంభించిన ‘నిష్ఠ’ శిక్షణలో ఉపాధ్యాయులతో పాటు ప్రధానోపాధ్యాయులనూ చేర్చారు. ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది.

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రాథమిక పాఠశాలలో 150 మందికి మించి, ప్రాథమికోన్నత పాఠశాలలో 100 మందికి మించి పిల్లలుంటే ప్రత్యేకంగా ప్రధానోపాధ్యాయుడు ఉండాలని చట్టానికి జోడించిన షెడ్యూలు చెబుతోంది. సంఖ్య అంతకు తక్కువైతే తరగతులు చెప్పే ఉపాధ్యాయులలో ఒకరే బడి బాధ్యత కూడా మోయాలి. మారుమూల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడి నడిపేవారికి పాఠం, వంట, రికార్డు అన్నీ ఒకే చేతి మీదుగా సాగవలసిందే.

ఆచరణలో పెట్టదగిన సూత్రాలు
వెంకటరత్నం అనుభవాన్ని, నేటి చట్టాన్ని పక్కపక్కన ఉంచి చూస్తే బడిని నడిపేవారికి ఉపయోగపడే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి.

బయట ఉన్న పిల్లలే ముందు: హాజరుపట్టీలో ఉన్న పేర్లతో పాటు లేని పేర్లనూ ప్రధానోపాధ్యాయుడు తెలుసుకోవాలి. ఊళ్లో ఏ వీధి పిల్లలు రావడం లేదు, ఏ తరగతి తర్వాత ఆడపిల్లలు మానేస్తున్నారు, వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు ఎక్కడున్నారు అన్నది ఏటా లెక్క చూసుకోవాలి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం స్పష్టం చేస్తోంది. చదువు మానేసిన పిల్లవాణ్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా చెబుతోంది. కాకినాడ ప్రిన్సిపాల్ తన ఇష్టంతో చేసిన పని నేడు ప్రతి బడికీ చట్టబద్ధమైన విధి అయింది.

ఆకలి కూడా బడి విషయమే: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి వండిన మధ్యాహ్న భోజనం అమల్లోకి వచ్చింది. అన్నదానానికి పేరుపడిన గోదావరి జిల్లా తల్లి డొక్కా సీతమ్మ పేరును 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పథకానికి పెట్టింది. భోజనాన్ని లెక్కల పుస్తకంలో మరొక పద్దుగా చూసే ప్రధానోపాధ్యాయుడు ఉంటారు. పిల్లలతో పాటు కూర్చుని అదే అన్నం తినే ప్రధానోపాధ్యాయుడూ ఉంటారు. వంట నాణ్యత ఎవరి బడిలో మెరుగ్గా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు. అందరూ ఒకే వరుసలో కూర్చుంటున్నారా, కులం పేరిట పంక్తులు వేరవుతున్నాయా అన్నది కూడా కళ్లారా చూడవలసిన విషయమే.

తరగతి గదికి దూరం కారాదు: కార్యాలయం పనుల్లో మునిగిపోయి పాఠం చెప్పడమే మానేసిన ప్రధానోపాధ్యాయుడు ఉపాధ్యాయులకు సలహా ఇచ్చే అర్హతను క్రమంగా కోల్పోతారు. వారానికి కొన్ని తరగతులైనా స్వయంగా చెప్పడం, తోటి ఉపాధ్యాయుల పాఠాలు వెనుక బల్లపై కూర్చుని వినడం అవసరం. లోపాన్ని పిల్లల ముందు ఎత్తిచూపరాదు. పాఠం అయ్యాక విడిగా మాట్లాడాలి. మెప్పును మాత్రం అందరి ముందూ చెప్పాలి.

క్రమశిక్షణకు బెత్తం అక్కర లేదు: శారీరక శిక్షను, మానసిక వేధింపును విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. ఉల్లంఘించిన వారిపై శాఖాపరమైన చర్యలు తప్పవు. పెద్దల నడవడికే పిల్లలకు మొదటి క్రమశిక్షణ. సమయానికి రాని ప్రధానోపాధ్యాయుడు ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ని నిలదీయలేరు. ఈ విషయంలో వెంకటరత్నం తెల్లని దుస్తుల నిరాడంబర జీవితమే విద్యార్థులకు పాఠంగా పనిచేసింది.

తల్లిదండ్రులతో కలిసి నడవాలి: ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులు మినహా ప్రతి పాఠశాలలో యాజమాన్య కమిటీ ఉండాలని చట్టం చెబుతోంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. వెనుకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు దక్కాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం ఈ కమిటీ పని. సంతకాల కోసం రిజిస్టరు ఇంటికి పంపితే కమిటీ కాగితంపైనే మిగులుతుంది. కూలి పనికి వెళ్లే తల్లి రాగలిగిన వేళకు సమావేశం పెడితే బడికి ఊరంతా అండగా నిలుస్తుంది.

దాతను ఆహ్వానించాలి, ఆశయాన్ని అప్పగించరాదు: పిఠాపురం మహారాజా ధనం లేకపోతే వసతి గృహాలు, శరణాలయం సాధ్యమయ్యేవి కావు. అయితే ఆ సాయం బడుగు వర్గాల పిల్లల కోసం, అనాథల కోసం ఖర్చయింది. నేడు కూడా పూర్వ విద్యార్థులు, ప్రవాసాంధ్రులు, స్థానిక వ్యాపారులు బడులకు విరాళాలు ఇస్తున్నారు. రంగులు, స్వాగత ద్వారాలు కళ్లకు కనిపిస్తాయి కాబట్టి దాతలు సాధారణంగా వాటికి మొగ్గు చూపుతారు. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీరు, గ్రంథాలయానికి పుస్తకాలు, దూరం నుంచి వచ్చే పిల్లలకు రవాణా వంటి అవసరాలను వారి ముందుంచడం ప్రధానోపాధ్యాయుని నేర్పుపై ఆధారపడి ఉంటుంది.

ఫలితం అంటే ఉత్తీర్ణత శాతమేనా?
పదో తరగతి ఫలితాల రోజున ప్రతి జిల్లాలోనూ శాతాల పట్టిక వెలువడుతుంది. పట్టికలో కిందనున్న బడుల పెద్దలకు సంజాయిషీ నోటీసులు అందడమూ ఉంది. శాతం ముఖ్యం కాదని ఎవరూ అనరు. పదో తరగతి తప్పిన పేద పిల్లవాడికి ముందున్న దారులు ఎంత ఇరుకో బడి పెద్దలకు తెలుసు. అయితే శాతాన్ని పెంచడానికి సులువైన అడ్డదారి ఒకటుంది. చదువులో వెనుకబడిన పిల్లలను తొమ్మిదో తరగతిలోనే నిరుత్సాహపరచి బడి మాన్పించడమే ఆ దారి. అలా చేసిన బడి పట్టికలో పైకి వెళ్తుంది, ఊరికి మాత్రం దూరమవుతుంది. ఎంతమంది ఉత్తీర్ణులయ్యారన్న లెక్కతో పాటు, ఆరో తరగతిలో చేరినవారిలో పదో తరగతి దాకా ఎంతమంది నిలిచారన్న లెక్కను కూడా తల్లిదండ్రుల కమిటీలు అడగాలి. ఈ రెండో లెక్క చెప్పడానికి సిద్ధపడే ప్రధానోపాధ్యాయుడే నిజమైన సారథి.

వెంకటరత్నం నాయుడు నడిపిన కళాశాల నేడు పిఠాపురం రాజా ప్రభుత్వ కళాశాలగా, స్వయంప్రతిపత్తి హోదాతో కాకినాడలో కొనసాగుతోంది. మచిలీపట్నం, సికింద్రాబాద్, కాకినాడ, మద్రాసు నగరాల్లో ఆయన సాగించిన సేవ ఒక్క విషయాన్ని రుజువు చేసింది. పదవి పెద్దదైనా చిన్నదైనా, దానిలో ఉన్నవారు తమ గడప ఎవరికోసం తెరిచారన్నదే చివరకు జనం గుర్తుంచుకుంటారు. జూన్‌లో బడులు తెరిచే నాటికి ప్రతి ప్రధానోపాధ్యాయుడు తన ఊళ్లో ఇంకా బడికి రాని పిల్లల పేర్లు ఒక కాగితంపై రాసుకుంటే, ఆ కులపతికి అంతకన్నా మంచి నివాళి ఉండదు.